నూలు చొక్కా: కోయంబత్తూరు, మధుర తెలుగువారు

విజయనగర, నాయక రాజుల కాలం నుంచి కోయంబత్తూరు, మధుర ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో మగవారి నిత్యవస్త్రం నూలు చొక్కా. పంచె మీదికీ ప్యాంటు మీదికీ ఒకేలా నప్పుతుంది. పెళ్లికీ, మిల్లుకీ, ఓట్లు అడగడానికీ అదే. దాని చరిత్రలో ఇక్కడి తెలుగువారి పాత్ర కుట్టుపనిలో కన్నా పత్తిలో, నూలులో ఎక్కువ కనిపిస్తుంది.

కుట్టిన బట్ట వీరి పూర్వీకులకు కొత్తేమీ కాదు. విజయనగర కొలువులో దొరలు కబాయి అనే పొడవాటి అంగీ తొడిగేవారు. 1529 ప్రాంతంలో మధురలో నాయకుల పాలన మొదలయ్యాక మాత్రం శిల్పంలో వేరే రూపం నిలిచింది. తిరుమల నాయకుడు (1623–59) కట్టించిన పుదుమండపంలో నాయక రాజుల విగ్రహాలు చేతులు జోడించి, ఒంటినిండా నగలతో, పైన బట్ట లేకుండా నిలుచున్నాయి. తమాషా ఏమిటంటే, ఏళ్ల తరబడి ఆ స్తంభాల మధ్యే దర్జీలు మిషన్లు వేసుకుని చొక్కాలు కుట్టారు. ఈమధ్యనే వారిని కున్నత్తూరు సత్రానికి తరలించారు.

చొక్కా విడిచిన ఘట్టమూ మధురదే. 1921 సెప్టెంబరు 22న గాంధీ పడమటి మాసి వీధిలోని ఒక ఇంట్లో ఉండగా చొక్కా, టోపీ వదిలి కొల్లాయి గుడ్డకు దిగారు. ఖద్దరు కొనే స్తోమత లేనివారిని చూసి తీసుకున్న నిర్ణయం అది. అనుచరులు మాత్రం ఖద్దరు చొక్కా విడవలేదు. రాజకీయ నాయకుడి తెల్లచొక్కా మూలం అక్కడుంది.

కోయంబత్తూరులో కథ పొలంలో మొదలవుతుంది. నల్లరేగడిలో పత్తి వేసిన కమ్మనాయుళ్లకు 20వ శతాబ్ది తొలి దశకంలో కంబోడియా రకం దొరికింది. నాటురకాల కన్నా పొడుగు పింజ, సన్ననూలుకు అనువు. కానీ నీరు కావాలి, అందుకు బావులు తవ్వాలి. 1888లో స్టేన్స్ దొర పెట్టిన మిల్లు ఉండనే ఉంది. 1910లో కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ ప్రారంభించారు. పీలమేడులో పీఎస్‌జీ కుటుంబం మిల్లులు పెట్టింది. 1932లో పైకారా జలవిద్యుత్తు రావడంతో బావుల మీద మోటార్లు, ఊళ్లలో మిల్లులు ఒకేసారి పెరిగాయి. నూలు తీసే యంత్రాలను కూడా ఇక్కడే చేయడానికి 1962లో లక్ష్మీ మెషిన్ వర్క్స్ వచ్చింది.

చొక్కా గుణమంతా నూలు నంబరులో ఉంది. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అది అన్నో నంబరు. 40 నంబరంటే పౌనుకు 33,600 గజాల పోగు: రోజువారీ చొక్కాకు చాలు. నంబరు పెరిగేకొద్దీ బట్ట పలచన, మృదువు, ఖరీదు. పాలియెస్టర్ కలిసిన టెరికాటన్ వచ్చాక ఇస్త్రీ బాధ వదిలిందని చాలామంది అటు మళ్లారు. కానీ చెమట పీల్చడం, ఉడకబెట్టి ఉతికినా, గంజి పెట్టినా తట్టుకోవడం నూలుకే చెల్లింది.

1974లో కోయంబత్తూరు శాస్త్రజ్ఞులు సుజాత, సెయింట్ విన్సెంట్ రకాలను సంకరించి సువిన్ పత్తిని విడుదల చేశారు. 100 నంబరు దాటిన చొక్కాబట్టకు దేశంలో ఇంతటి పింజ మరొకటి లేదు. అయితే పంటకాలం ఎక్కువ, దిగుబడి తక్కువ. రైతులు హైబ్రిడ్ రకాల వైపు తిరిగారు; సువిన్ సాగు బాగా తగ్గిపోయింది.