కర్ణాటక తీరంలో ప్యాడిల్‌బోర్డింగ్

ప్యాడిల్‌బోర్డింగ్ అనేది పొడవైన, వెడల్పాటి బోర్డుపై నిలబడి తెడ్డుతో నీటిపై సాగే క్రీడ. బోర్డు పొడవు సాధారణంగా 10 నుంచి 12 అడుగులు. పశ్చిమ కనుమల్లో పుట్టిన నదులు అరేబియా సముద్రంలో కలిసే కర్ణాటక తీరం దీనికి ఎంతో అనువైనది.

ప్రధాన ప్రదేశాలు: మంగళూరు, ఉడుపిల మధ్యనున్న ముల్కి దేశంలో సర్ఫింగ్‌కు పేరొందిన ఊరు. ఇక్కడి శాంభవి నది సముద్రానికి చేరువలో నందిని నదితో కలుస్తుంది. ఇసుక దిబ్బల చాటున నీరు నిలకడగా ఉండే ఈ చోటు కొత్తవారికి మేలు. ఉడుపి జిల్లాలో సీతా నది వెంబడి సాలిగ్రామ దగ్గర మడ అడవుల నడుమ, హొన్నావర వద్ద శరావతి బ్యాక్‌వాటర్‌లో నీటి విహారం సాగుతుంది. శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన పడుబిద్రి, కాసర్‌కోడ్ బీచ్‌లూ ఈ తీరంలోనివే.

మెలకువలు: ముందు బోర్డుపై మోకాళ్ల మీద కూర్చుని, కుదురుకున్నాక మధ్యనున్న పిడికి ఇరువైపులా పాదాలుంచి లేవాలి. చూపు కాళ్లపై కాక ఎదుటికి ఉంటే తూలిపోరు.

కాలం, జాగ్రత్తలు: గాలి తక్కువగా ఉండే ఉదయం వేళ మంచిది. నదీ ముఖాల వద్ద పోటు తీసేటప్పుడు ప్రవాహం మనిషిని సముద్రంలోకి లాగేస్తుంది కాబట్టి ఆటుపోట్ల వేళలు తెలుసుకునే దిగాలి. లైఫ్ జాకెట్ తప్పనిసరి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు రుతుపవనాల వల్ల సముద్రం అల్లకల్లోలంగా, నదులు ఉధృతంగా ఉంటాయి. ఆ నెలల్లో కొత్తవారు నీటిలోకి దిగకూడదు.