పాడుబడిన ప్రెయిరీ ఊళ్ల ఛాయాగ్రహణం

ఉత్తర అమెరికా నడుమ పరుచుకున్న ప్రెయిరీ గడ్డి మైదానాల్లో జనం విడిచి వెళ్లిన ఊళ్లను చిత్రాల్లో భద్రపరిచే డాక్యుమెంటరీ ఫోటోగ్రఫీ ఇది. కెనడాలోని సస్కాచెవాన్, అల్బర్టా, అమెరికాలోని ఉత్తర డకోటా, నెబ్రాస్కా దీనికి ముఖ్య క్షేత్రాలు.

ఈ ఊళ్లను పుట్టించింది రైలు. కెనడా 1872లో చేసిన భూచట్టం కింద 10 డాలర్ల రుసుముకు 160 ఎకరాలు దక్కేవి. రైతులు గుర్రపు బండ్లపై ధాన్యం తోలుకొచ్చి అదే రోజు ఇల్లు చేరేలా, కొద్ది కిలోమీటర్లకో స్టేషన్ వెలిసింది. దాని పక్కనే ఎత్తైన చెక్క ధాన్యాగారం, దుకాణం, బడి, చర్చి వచ్చాయి. 1930ల్లో కెనడాలో అలాంటి ధాన్యాగారాలు 5,700కు పైగా ఉండేవి.

ఆ దశాబ్దపు కరువు, దుమ్ము తుఫాన్లు తొలి దెబ్బ కొట్టాయి. తరువాత ట్రాక్టర్లతో కమతాలు పెద్దవయ్యాయి, లారీలు దూరాలను తగ్గించాయి, శాఖా రైలుమార్గాలు మూతపడ్డాయి.

సస్కాచెవాన్ 13వ నంబరు రహదారి మీది రాబ్సార్ట్ అనే ఊరు ఫోటోగ్రాఫర్లను బాగా ఆకర్షిస్తోంది. నెబ్రాస్కాలో పుట్టిన రచయిత రైట్ మోరిస్ 1948 నాటి ‘ది హోమ్ ప్లేస్’ నవలలో కథకు ఫోటోలు జతచేశాడు, వాటిలో మనుషులకన్నా వారు వాడిన వస్తువులే ఎక్కువగా కనిపిస్తాయి.

ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో వెలిసిన చెక్క గీతలు స్పష్టంగా తేలతాయి. లోపలి చీకటి, కిటికీ వెలుగు రెండూ దక్కాలంటే ట్రైపాడ్‌పై వేర్వేరు ఎక్స్‌పోజర్లు తీసి కలపాలి. చాలా కట్టడాలకు ఇప్పటికీ యజమానులున్నారు కనుక అనుమతి తప్పనిసరి. పుచ్చిన నేలపలకల విషయంలో జాగ్రత్త అవసరం.