అల కోసం పడవలో బరువు: వేక్ సర్ఫింగ్ బల్లాస్ట్ ఎలా పనిచేస్తుంది, ఎక్కడ ముంచుతుంది

ఆల్థాన్ (సూరత్): బల్లాస్ట్ అనగానే మనకు రైలు పట్టాల కింది కంకర గుర్తొస్తుంది. నిజానికి ఆ మాట ముందు ఓడలది. సరుకు లేకుండా బయలుదేరే ఓడ తేలికై ఒరిగిపోకుండా అడుగున రాళ్లో ఇసుకో నింపేవారు. ఇప్పుడు ఓడలు ఆ పనికి నీటినే వాడుతున్నాయి. ఓడకు బల్లాస్ట్ నిలకడ కోసం. వేక్ సర్ఫింగ్ పడవకు మాత్రం పెద్ద అల లేపడం కోసం. లక్ష్యం మారినా బరువు స్వభావం మారదు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఆల్థాన్ నుంచి డుమస్ సముద్రతీరం ఎంతో దూరం లేదు. కానీ ఖంబాత్ సింధుశాఖ బురద నీళ్లు, భారీ ఆటుపోట్లు సర్ఫింగ్‌కు అనువైనవి కావు. వేక్ సర్ఫింగ్‌కు అసలు సముద్రమే అక్కర్లేదు. లోతైన, నిశ్చలమైన సరస్సు చాలు. పడవ వెళ్తుంటే వెనుక లేచే అలే వేక్. ఆటగాడు తాడు పట్టుకుని బోర్డు మీద నిలబడతాడు. అలలో కుదురుకున్నాక తాడు వదిలేస్తాడు. ఆ తర్వాత అతన్ని ముందుకు తీసుకెళ్లేది అలే. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వారాంతాల్లో వెళ్లే సరస్సుల్లో ఇది మామూలుగా కనిపించే ఆట.

వేగం పొడవు, బరువు ఎత్తు

ఈ ఆటలో పడవ వేగం సాధారణంగా గంటకు 16 నుంచి 19 కిలోమీటర్లు. అంతకంటే నెమ్మదిగా వెళ్తే అల చిన్నది. బాగా వేగం పెంచితే పడవ నీటిపైకి లేచి జారడం మొదలుపెడుతుంది, అప్పుడూ అల తగ్గిపోతుంది. ఈ రెండింటి మధ్య, వెనుక భాగం నీటిలో కూరుకుపోయి, ముందు భాగం కాస్త ఎత్తుగా ఉన్న దశలోనే మంచి అల వస్తుంది. ఇంజిన్‌కు అది చాలా కష్టమైన దశ. డీజిల్, పెట్రోల్ ఖర్చు గురించి అడగకపోవడమే మేలు.

లోతైన నీటిలో అల పొడవును నిర్ణయించేది వేగం. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వెళ్లే పడవ వెనుక ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి సుమారు 16 మీటర్లు ఉంటుంది. ఎంత బరువు వేసినా ఈ లెక్క పెద్దగా మారదు. బరువు మార్చేది ఎత్తును. పడవ ఎంత బరువుంటే అంత నీటిని పక్కకు నెడుతుంది. ఆ నీరు వెనుక మళ్లీ కలుసుకునే చోట పైకి లేస్తుంది. వేసిన కిలో కిలోకూ అల పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. బరువును ఎక్కడ పెట్టామన్నదే మిగతా సగం.

వెనుక భాగంలో, అంటే పాత తెలుగులో అమరం వైపు బరువు పెంచితే అల ఎత్తుగా, నిటారుగా లేస్తుంది. కానీ పొట్టిగా అవుతుంది. ముందు భాగంలో, అణియం వైపు కొంత పెడితే నిలబడి ఆడటానికి ఎక్కువ చోటు దొరుకుతుంది. అందుకే వెనుక ఎక్కువ, ముందు తక్కువగా పంచుతారు. ఒకప్పుడు అల కావలసిన పక్కకే బరువంతా వేసి పడవను ఒరిగించేవారు. 2012-13 ప్రాంతంలో వెనుక అంచున కదిలే పలకలు వచ్చాయి. ఎడమ పక్క అల కావాలంటే కుడి పక్క పలక తెరుచుకుని నీటి కలయికను ఆలస్యం చేస్తుంది. దాంతో ఒరిగించాల్సిన అవసరం చాలావరకు తప్పింది. పడవను ఒరిగించకుండా సమంగా నింపడం భద్రతకూ మంచిది.

నీళ్లా, సీసమా

బల్లాస్ట్ సంచుల్లో ఎక్కువగా వాడేది నీళ్లే. లీటరు నీరు కిలో. ఒక్కో సంచి రెండు వందల నుంచి ఐదు వందల కిలోల వరకు పడుతుంది. సరస్సులోకి వెళ్లాక పంపుతో నింపుతారు, తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ చేస్తారు. సీసం సంచులు చిన్నవి, ఎక్కడైనా ఇరికించొచ్చు. అయితే ఒక తేడా మరచిపోకూడదు. పడవలోకి నీరు చేరి మునిగే పరిస్థితి వస్తే, నీటి సంచి చుట్టూ ఉన్న నీటితో సమానమైన సాంద్రతే కాబట్టి పడవను కిందికి లాగదు. సీసం నీటికంటే 11 రెట్లు బరువు. అది లాగుతుంది.

సగం నిండిన సంచి, సగం నిండిన ట్యాంకు ఇంకో సమస్య. పడవ ఒరిగిన వైపే నీరు పరుగెడుతుంది, ఒరుగుదలను పెంచుతుంది. ఈ ప్రభావం ట్యాంకు వెడల్పు ఘనంతో పెరుగుతుంది. వెడల్పు రెట్టింపైతే ఎనిమిది రెట్లు. నిలువుగా మధ్యలో ఒక గోడ కడితే ఆ ప్రభావం నాలుగో వంతుకు పడిపోతుంది. ఓడల ట్యాంకుల్లో అడ్డుగోడలు అందుకే. సంచిని పూర్తిగా నింపాలి, లేదా పూర్తిగా ఖాళీ చేయాలన్న సూత్రమూ అందుకే.

హర్ణి, కచ్చులూరు

పడవ, బరువు అన్న మాటలు కలిపి వింటే గుజరాత్‌లో ఎవరికైనా 2024 జనవరి 18 గుర్తొస్తుంది. వడోదర హర్ణి చెరువులో విహారయాత్రకు వచ్చిన పాఠశాల పిల్లలను సామర్థ్యానికి మించి ఎక్కించిన పడవ బోల్తా పడి 12 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు చనిపోయారు. తెలుగువారికి గుర్తొచ్చేది 2019 సెప్టెంబర్ 15. పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ పడవ గోదావరి వరదలో దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద మునిగింది. గల్లంతైనవారితో కలిపి 51 మంది ప్రాణాలు పోయాయి. పడవను బయటకు తీయడానికి అక్టోబర్ 22 దాకా పట్టింది.

ఈ రెండూ సర్ఫింగ్ ప్రమాదాలు కావు. కారణాలూ ఒకటి కావు. హర్ణిలో జనం ఎక్కువ, కచ్చులూరులో వరద ఉధృతి. కానీ బల్లాస్ట్ గురించి చెప్పేటప్పుడు ఇవి పక్కన పెట్టదగినవి కావు. మనిషి కూడా బరువే, పైగా కదిలే బరువు. అడుగున కట్టిన సంచి గరిమనాభిని కిందికి దించుతుంది. పై అంతస్తులో నిలబడి ఫొటో కోసం ఒకే పక్కకు చేరిన ఇరవై మంది దాన్ని పైకి, పక్కకు జరుపుతారు. కిలోల లెక్క ఒకటే, ఫలితం తలకిందులు.

అమెరికాలో 20 అడుగుల లోపు చాలా మోటారు పడవలకు ఎంత బరువు, ఎంతమంది అన్నది రాసిన పలక తప్పనిసరి. కంపెనీ అమర్చిన బల్లాస్ట్‌కు తోడు యజమాని అదనంగా వేసే సంచులూ ఆ పరిమితిలోకే వస్తాయి. 400 కిలోల సంచి వేస్తే ఐదుగురు దిగిపోవాలన్నమాట. బాగా నింపిన పడవ అంచుకూ నీటికీ మధ్య మిగిలేది కొన్ని అంగుళాలే. ఒక్కసారిగా వేగం తగ్గిస్తే తాను లేపిన అలే వెనుక నుంచి లోపలికి వస్తుంది. ప్రొపెల్లర్ బయట వెనక్కి ఉండే ఔట్‌బోర్డ్ పడవలకు ఎంత బల్లాస్ట్ వేసినా ఈ ఆట పనికిరాదు. ఆటగాడు పడేది సరిగ్గా అక్కడే.

ఒడ్డుకు చేరే అల

మన దగ్గర ఈ ఆట ఇంకా అరుదు కాబట్టి ఒడ్డు కోత చర్చ రాలేదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోని సెయింట్ ఆంథొనీ ఫాల్స్ ప్రయోగశాల 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మామూలు పడవ అల 200 అడుగుల్లో ఎంతకు తగ్గుతుందో, వేక్ సర్ఫింగ్ పడవ అల అంతకు తగ్గడానికి 500 అడుగులకు పైగా దూరం కావాలి. వెర్మాంట్ రాష్ట్రం 2024లో తెచ్చిన నిబంధనల్లో ఒడ్డు నుంచి 500 అడుగుల దూరం, 20 అడుగుల లోతు తప్పనిసరి చేసింది.

రెండో చిక్కు సంచి అడుగున మిగిలిన నీరు. పంపు ఎంత తోడినా కొంత ఉండిపోతుంది. అందులో కంటికి కనిపించని జీబ్రా ఆల్చిప్పల లార్వా కొత్త సరస్సుకు ప్రయాణం చేయగలదు. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న డాలస్‌కు ఉత్తరాన, టెక్సోమా సరస్సులో ఇవి 2009లో బయటపడ్డాయి. టెక్సాస్‌లో 2014 నుంచి ప్రజా సరస్సుల దగ్గర పడవలోని నీటినంతా, బల్లాస్ట్‌తో సహా, పారబోసి వెళ్లాలి. ఇలాంటి వలసలు మనకూ కొత్త కాదు. అమెరికా ఖండపు ఉష్ణ తీరాలకు చెందిన ఒక చారల ఆల్చిప్ప, మైటిలాప్సిస్ సలై, ఓడల ద్వారానే విశాఖపట్నం రేవుకు చేరింది. భారత్‌లో దాన్ని మొదట గుర్తించింది అక్కడే, 1967లో.