జోస్యములును తేదీలును

భద్రాచలమునకు ఎగువన గోదావరి యొడ్డున దుమ్ముగూడెము కలదు. నాగపురము వైపు ప్రత్తిని పడవలలో సముద్రతీరమునకు దింపవలెనని కాటను దొర తలపెట్టిన కాలమున, ఆ పనికై వచ్చిన హేగ్ అను సైనిక ఇంజనీరు ప్రోద్బలమువలన చర్చి మిషనరీ సొసైటీవారు 1860 ప్రాంతమున అచ్చట కోయలకొఱకు మిషను నెలకొల్పిరి. పడవల మార్గమునుగూర్చి ఆనాటి నిపుణులు చెప్పిన జోస్యము ఫలింపలేదు. 1871లో ఆ పని మానిరి. మిషను నిలిచెను. అందు చిరకాలము పనిచేసిన జాన్ కెయిన్ లూకా సువార్తను కోయభాషలోనికి తెచ్చెను. మనము విచారింపదలచిన ప్రశ్న ఆ చిన్న గ్రంథముననే యిమిడియున్నది.

యెరూషలేమును సేనలు చుట్టుముట్టుననియు, దేవాలయము నేలమట్టమగుననియు యేసు ముందుగా పలికినట్లు అందు ఇరువదియొకటవ అధ్యాయమున గలదు. క్రీ.శ. 70లో రోమను సేనాపతి టైటసు అట్లే చేసెను. జోస్యము నిజమైనదని భక్తుడు సంతసించును. చరిత్రకారుడు మాత్రము, ఈ వాక్యము వ్రాయబడినదెన్నడని యడుగును. లూకా సువార్త 80 మొదలు 90 వఱకు గల కాలమున పుట్టినదని పలువురు పండితుల యభిప్రాయము. అంతకు ముందరిదగు మార్కు సువార్తలో అదే సందర్భమున నిగూఢమైన మాట యొకటి యుండగా, లూకా దాని స్థానమున స్పష్టముగా సేనలను నిలిపెను. జరిగిన సంగతి తెలిసినవాని కలము ఇట్లు నడచుట సహజము. ఐనను యేసు ఆ మాట యననేలేదని దీనివలన తేలదు. యుద్ధమునకు నాలుగేండ్లు ముందే అననీయ కుమారుడైన మఱియొక యేసు, ఒక మోటు రైతు, నగరమునకు చేటు రానున్నదని వీధులలో అఱచుచుండెనని జోసీఫసు వ్రాసియున్నాడు. కీడును శంకించుటకు ఆనాడు దివ్యదృష్టి యక్కఱలేదు.

మన యింటి సంగతియు చూడవలెను గదా! భవిష్యపురాణమున విక్టోరియా రాణియు కలకత్తాయు కానవచ్చును. ఆ భాగము వ్యాసుని కాలపుదని నమ్మువారిని సంస్కృతము చదివినవాడు సమాధానపఱుపలేడు. వీరబ్రహ్మముగారి కాలజ్ఞానము ప్రతికొక తీరుగ నచ్చయినది. ఏ పాదము పాతదో, ఏది సంఘటన జరిగిన పిదప చేరినదో విడదీయక దానిని సాక్ష్యముగ నిలుపరాదు. బైబిలునకొక కొల, కాలజ్ఞానమునకొక కొల యుండుట న్యాయము కాదు.

ఈ కొలతలో బైబిలు పూర్తిగా నోడునా? ఓడదు. బబులోను రాజు తూరు పట్టణమును దోచుకొని నిర్మూలించునని యెహెజ్కేలు పలికెను. ఆ ముట్టడివలన రాజునకు కూలియైనను దక్కలేదని ఆ గ్రంథమే, మూడధ్యాయముల పిదప, ఒప్పుకొనుచున్నది. తప్పిన మాటను చెఱిపివేయని గ్రంథమును నేను ఎక్కువగా నమ్ముదును.

తేదీలు కట్టుటయే నేటి వ్యసనము. దానియేలు గ్రంథమునుండి లెక్కవేసి అమెరికాలో విలియం మిల్లరు అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు వచ్చునని నమ్మిరి. పొలములో పంట కోయక విడిచినవారును కలరు. మఱునాడు సూర్యుడు ఎప్పటివలెనే యుదయించెను. ప్రతి యుద్ధమునకు, ప్రతి వ్యాధికి అట్టి లెక్కలు నేటికిని అచ్చగుచునే యున్నవి; పల్లెలలో వానిని కొనువారు పేదలు.

ప్రవక్తల పలుకు వేఱు జాతిది. భద్రాచలమున గోదావరి 43 అడుగులు చేరగా మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 2022 జూలైలో నీరు 70 అడుగులు దాటెను. హెచ్చరిక విని మెట్టకు చేరినవాడు బ్రతికినచో, హెచ్చరిక అబద్ధమైనదని యెవడైన నిందించునా? మీకా యెరూషలేము దున్నబడునని చెప్పగా హిజ్కియా రాజు భయపడి మనసు మార్చుకొనెననియు, కీడు తప్పెననియు నూఱేండ్ల పిదపకూడ పెద్దలు జ్ఞాపకముంచుకొనిరి. అదే చేటును పలికిన యిర్మీయాను చంపబూనినప్పుడు వారు ఆ సంగతినే యెత్తి వాదించిరి. అహీకాము అనువాడు అడ్డుపడగా అతడు బ్రతికెను.

ఆ యిర్మీయా మాటలను బారూకు చుట్టపై వ్రాసెను. యెహోయాకీము రాజు చలికాలపు కుంపటి యెదుట కూర్చుండి, చదివినకొలది కత్తితో కోసి నిప్పులలో వేయించెను. యిర్మీయా మరల మొదటినుండి చెప్పి వ్రాయించెను. నగరము కాలినది క్రీ.పూ. 586లో.