కారు బ్రేక్ ప్యాడ్లు ఎన్నాళ్లు వస్తాయి? ఎప్పుడు మార్చాలి?

కాకినాడలో భానుగుడి జంక్షన్ దగ్గర బయలుదేరి, మెయిన్ రోడ్డు మీదుగా జగన్నాథపురం వంతెన దాటేలోపు ఎన్నిసార్లు బ్రేక్ తొక్కుతారో ఎప్పుడైనా లెక్కపెట్టారా? తొక్కిన ప్రతిసారీ బ్రేక్ ప్యాడ్ కొద్దికొద్దిగా అరుగుతుంది. ఇంజిన్ ఆయిల్ మార్చే తేదీ చాలామందికి గుర్తుంటుంది. ప్యాడ్ల సంగతి మాత్రం శబ్దం వచ్చేదాకా గుర్తురాదు. అవి ఎంతకాలం వస్తాయి? అరిగిపోయాయని మీరే ఎలా తెలుసుకోవచ్చు? వివరంగా చూద్దాం.

ఎన్ని కిలోమీటర్లు వస్తాయి?

దీనికి ఒకే అంకె చెప్పలేం. సాధారణంగా 30 వేల నుంచి 70 వేల కి.మీ. వరకు వస్తాయి. ఊళ్లోనే ఎక్కువగా తిరిగే కారుకు అంతకంటే ముందే అయిపోవచ్చు. కత్తిపూడి దాటి హైవే మీద నిలకడగా నడిచే కారుకు ఎక్కువ కాలం వస్తాయి. బ్రేక్ వేయగానే బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ముందు చక్రాల ప్యాడ్లే త్వరగా అరుగుతాయి. చాలా చిన్న కార్లకు వెనుక డ్రమ్ బ్రేకులు ఉంటాయి. వాటిలో ఉండే బ్రేక్ షూలు ఇంకా ఎక్కువ కాలం వస్తాయి.

అందుకే కిలోమీటర్ల కంటే మందం చూడటం మేలు. కొత్త ప్యాడ్‌పై రాపిడి పదార్థం సుమారు 10 నుంచి 12 మి.మీ. ఉంటుంది. అది 3 మి.మీ.కు చేరితే మార్చేయాలి. ఉదాహరణకు 10 మి.మీ. ప్యాడ్ 20 వేల కి.మీ. తిరిగేసరికి 6 మి.మీ.కు తగ్గిందనుకోండి. అంటే 4 మి.మీ. అరిగింది. ఇదే తీరులో నడిపితే మిగిలిన 3 మి.మీ. మరో 15 వేల కి.మీ. వస్తుంది. సర్వీసింగ్ చేయించిన ప్రతిసారీ మందం కొలిపించి బిల్లుపై రాయించుకుంటే ఈ లెక్క మీరే వేసుకోవచ్చు.

ఈ లక్షణాలు గమనించండి

• కీచుమనే శబ్దం: చాలా ప్యాడ్లకు చిన్న లోహపు రేకు ఉంటుంది. ప్యాడ్ అరిగాక అది డిస్క్‌కు తగిలి కీచుమంటుంది. త్వరలో మార్చాలని అర్థం.

• గరగర శబ్దం: రాపిడి పదార్థం పూర్తిగా పోయి ఇనుము డిస్క్‌ను గీరుతోందని అర్థం. ఇక కారు నడపకండి. ఆలస్యం చేస్తే ప్యాడ్లతో పాటు డిస్కులూ మార్చాల్సి వస్తుంది.

• కారు ఒక పక్కకు లాగడం: ఒకవైపు కాలిపర్ పట్టేసి ఉండవచ్చు.

• బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణకడం: డిస్క్ సమంగా లేకపోవచ్చు. ప్యాడ్లు మార్చినంత మాత్రాన ఇది తగ్గదు.

• పెడల్ లోపలికి దిగిపోవడం: బ్రేక్ ఆయిల్ కారుతుండవచ్చు లేదా గాలి చేరి ఉండవచ్చు. కారును అక్కడే ఆపి మెకానిక్‌ను పిలవండి.

బ్రేక్ ఆయిల్ తగ్గితే పోసేసి ఊరుకోకండి. ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో ఆయిల్ మట్టం తగ్గుతుంది. ముందు ప్యాడ్లు, లీకేజీ చూడాలి. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలి. మీ కారు మాన్యువల్‌లో వేరే గడువు ఉంటే దాన్నే పాటించండి.

సముద్రం పక్కన ఉంటే అదనపు జాగ్రత్త

రాత్రి వాన పడితే ఉదయానికి డిస్కులపై పల్చగా తుప్పు పడుతుంది. నాలుగైదుసార్లు బ్రేక్ వేయగానే ఆ శబ్దం పోతే కంగారు అక్కర్లేదు. ఉప్పాడ బీచ్ రోడ్డులో అలల తుంపర కారుపై పడితే మాత్రం ఇంటికి వచ్చాక చక్రాలను మంచినీటితో కడగండి. ఉప్పు వల్ల కాలిపర్ పిన్నులు పట్టేస్తే ఒకే ప్యాడ్ వేగంగా అరిగిపోతుంది. సర్వీసింగ్‌లో వాటికి గ్రీజు పెట్టమని అడగండి. నీరు నిలిచిన రోడ్డు దాటాక నెమ్మదిగా వెళ్తూ పెడల్‌ను తేలిగ్గా నొక్కితే బ్రేకులు ఆరతాయి.

ఘాట్ రోడ్డుకు వెళ్తున్నారా?

కుటుంబంతో మారేడుమిల్లి బయలుదేరే ముందు ప్యాడ్లు తప్పక చూపించండి. 2019 అక్టోబర్‌లో మారేడుమిల్లి–చింతూరు ఘాట్‌లో ఓ బస్సు ప్రమాదంలో యాత్రికులు ప్రాణాలు కోల్పోయారు. కారణం ఏదైనా, ఆ మలుపుల్లో పొరపాటుకు చోటు లేదు. దిగేటప్పుడు బ్రేక్‌పై కాలు అలాగే ఉంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గుతుంది. రెండో గేరులో దిగండి. ఆటోమేటిక్ అయితే తక్కువ గేరు ఎంచుకోండి. న్యూట్రల్‌లో ఎప్పుడూ దిగకండి. ఏబీఎస్ ఉంది కదా అనుకోవద్దు. అది చక్రం బిగుసుకోకుండా చూస్తుందే తప్ప, అరిగిన ప్యాడ్‌కు బలం ఇవ్వదు.

మార్చేటప్పుడు ఏం అడగాలి?

ఒకే ఇరుసుపై ఉన్న రెండు చక్రాల ప్యాడ్లూ కలిపే మార్చాలి. పాతవి చూపించమనండి. కొత్త డబ్బా మీ ముందే తెరిపించి పార్టు నంబరు, ఎమ్మార్పీ చూడండి. విడిభాగాలపై 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతం. పార్టు, కూలీ విడివిడిగా చూపే బిల్లు తీసుకోండి. నకిలీ అంటగట్టారనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

కొత్త ప్యాడ్లు వేశాక కారు కదిలించే ముందే పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు నొక్కండి. లేదంటే మొదటిసారి బ్రేక్ పడకపోవచ్చు. తొలి 200–300 కి.మీ. అవసరమైతే తప్ప గట్టిగా బ్రేక్ వేయకండి.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత పునరుద్ధరణకు వాహన పరీక్ష తప్పనిసరి. ఈలోగా బ్రేకుల బాధ్యత మీదే. గంటకు 60 కి.మీ. వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. మీరు ప్రమాదం గమనించి పెడల్ తొక్కేసరికే ఆ దూరం అయిపోతుంది. మిగతా పని ప్యాడ్‌దే. హైవేపై ఇబ్బంది వస్తే 1033కు ఫోన్ చేయండి. అంతవరకూ రాకుండా ఈసారి సర్వీసింగ్‌కు వెళ్లినప్పుడే మందం ఎంతుందో అడగండి.