గడప దాటిన పాట: ఇంటి సంగీత సర్వర్ల చరిత్ర

ఇంట్లో పోగుచేసుకున్న పాటలను దూరాన ఉన్న మరో పరికరంలో వినే ఏర్పాటు చరిత్రను పరిశీలిస్తే, సాంకేతికమైన అడ్డంకులు ఒకటొకటిగా తొలగిపోయినా, పాట ఎవరి యంత్రంలో ఉండాలి, ఏ గడప వరకు వెళ్ళవచ్చు అన్న వివాదం మాత్రం చాలాకాలం తెగలేదని తెలుస్తుంది.

మొదటి అడ్డంకి పరిమాణం. సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో, రెండు చానళ్ళకు వేరువేరుగా నమోదు చేస్తారు కనుక సెకను సంగీతానికి 14 లక్షల బిట్లు పైబడి అవసరమవుతాయి. 1990ల చివరి డయలప్ మోడెం సెకనుకు 56 వేల బిట్లకు మించి అందుకోలేకపోయేది. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు ప్రధాన పాత్ర వహించి రూపొందించిన ఎంపీ3 పద్ధతి, పెద్ద ధ్వని చాటున చెవికి ఆనని చిన్న ధ్వనులను వదిలివేసి, ఆ సంగీతాన్నే సెకనుకు 1,28,000 బిట్లలో, అంటే సుమారు పదకొండో వంతులో ఇమిడ్చింది. సీడీలో 40 మెగాబైట్లు దాటే నాలుగు నిమిషాల పాట నాలుగు మెగాబైట్ల లోపు ఫైలుగా మారడంతో, సీడీల బీరువా మొత్తాన్ని ఒక హార్డ్‌డిస్క్‌లో భద్రపరచుకోవడం సాధ్యపడింది.

రెండో అడ్డంకి చట్టం. 2000 జనవరిలో అమెరికాలో ఎంపీ3.కామ్ సంస్థ ప్రారంభించిన సేవలో, వినియోగదారు తన సీడీని కంప్యూటర్‌లో పెట్టి అది తన దగ్గర ఉన్నదని రుజువు చేసుకుంటే, ఆ సంస్థ తాను కొని నకలు తీసి ఉంచిన వేలాది సీడీలలోంచి ఆ సంగీతాన్నే ఎక్కడికైనా వినిపించేది. వినేవాడు సీడీ సొంతదారే అయినా, నకలు తీసినది సంస్థ కాబట్టి అది కాపీరైట్ ఉల్లంఘనేనని న్యూయార్క్ ఫెడరల్ న్యాయమూర్తి జెడ్ రేకాఫ్ ఆ ఏడాదే తీర్పునిచ్చి, దావా వేసిన యూనివర్సల్ సంగీత సంస్థకు సీడీకి 25,000 డాలర్ల చొప్పున పరిహారం నిర్ణయించారు. 2003 ఏప్రిల్ 28న వెలువడిన ఐట్యూన్స్ నాలుగో వెర్షన్ ఇంటి కంప్యూటర్‌లోని పాటలను ఇంటర్నెట్ మీదుగా వినే వీలు కల్పించగా, ఆ మార్గాన పాటలు దింపుకొనే పనిముట్లు పుట్టుకురావడంతో, నెల తిరగకముందే ఆపిల్ ఆ వీలును ఇంటి నెట్‌వర్క్ వరకే కుదించింది.

మూడో అడ్డంకి ఇంటి రౌటర్‌లోనే ఉన్నది. ఇంట్లోని పరికరాలన్నిటికీ బయటి ప్రపంచంలో ఒకే చిరునామా ఉంటుంది కనుక, బయటి నుంచి వచ్చిన పిలుపు ఎవరికో తెలియక రౌటర్ దాన్ని వాకిట్లోనే ఆపివేస్తుంది. ఫలానా నంబరు గల పోర్టుకు, అంటే ద్వారానికి, వచ్చిన పిలుపును ఫలానా కంప్యూటర్‌కు అందించమని ముందే చెప్పి ఉంచడాన్ని పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు. నార్వేకు చెందిన సిండ్రే మేహుస్ రాసిన సబ్‌సోనిక్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ మామూలుగా 4040 పోర్టు వద్ద కాచుకొని ఉండి, పిలుపు అందగానే ఫోన్ కనెక్షన్‌కు తగినట్టు పెట్టుకున్న పరిమితిని బట్టి పెద్ద ఫైలును అప్పటికప్పుడు చిన్న పరిమాణానికి మార్చి పంపేది. ఈ మార్పిడికే ట్రాన్స్‌కోడింగ్ అని పేరు. తరువాతి కాలంలో చిరునామాల కొరత వల్ల ఇంటర్నెట్ సంస్థలు అనేక ఇళ్ళకు ఒకే చిరునామాను పంచసాగాయి. భారతదేశంలోనూ మామూలైన ఈ ఏర్పాటులో పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయదు కాబట్టి, బయటి సర్వర్ సాయంతో ఫోన్‌కూ ఇంటికీ మధ్య రహస్య సొరంగం వంటి దారి వేసే వైర్‌గార్డ్ ఆధారిత వీపీఎన్‌లు ఆ స్థానాన్ని ఆక్రమించాయి.

ఇంత శ్రమ లేకుండా సొంత పాటలను తమ సర్వర్లకు ఎక్కించి వినమన్న పెద్ద సంస్థల సేవలు 2011 నుంచి వ్యాపించినా, వాటి ఆయుష్షు సంస్థల చేతిలోనే ఉండిపోయింది: ఒక్కొక్కరికి 50,000 పాటల వరకు చోటిచ్చిన గూగుల్ ప్లే మ్యూజిక్ 2020 చివరికి మూతపడింది. అందుకు భిన్నంగా, స్లిమ్ డివైసెస్ 2003లో తెచ్చిన స్క్వీజ్‌బాక్స్ ప్లేయర్ల తయారీని, ఆ సంస్థను కొన్న లాజిటెక్ 2012లో నిలిపివేసినప్పటికీ, వాటికి పాటలు పంపే సర్వర్ సాఫ్ట్‌వేర్ మూలకోడ్ అందరికీ అందుబాటులో ఉన్నందువల్ల, వినియోగదారులే దానిని లిరియన్ అనే పేరుతో కొనసాగిస్తున్నారు. రెండు దశాబ్దాల నాటి ప్లేయర్ నేటికీ ఇంటి డిస్క్‌లోని పాటను పలికిస్తున్నది.