మూడో పీరియడ్‌లో తుఫాను

మూడో గంట కొట్టారు. శ్రీకాకుళం జిల్లా, మందస మండలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. ఏడో తరగతి గది. చివరి బెంచీలో పిల్లలు కాస్త జరిగి చోటిచ్చారు, కూర్చోండి. పడమటి కిటికీలోంచి మహేంద్రగిరి కొండలు నీలంగా కనిపిస్తున్నాయి. తూర్పున కొబ్బరితోటలు, వాటి వెనక ఎక్కడో సముద్రం. లెక్కల మాస్టారు వదిలి వెళ్ళిన భిన్నాలు బోర్డు మీద ఇంకా అలాగే ఉన్నాయి. ఒక పిల్ల లేచి ఎగిరెగిరి తుడుస్తోంది, పై వరస మాత్రం అందడం లేదు. సుద్దపొడి రాలి మొదటి బెంచీ పిల్లాడు రెండు తుమ్ములు తుమ్మాడు.

తెలుగు మేడం వచ్చారు. చేతిలో పుస్తకం లేదు.

"నమస్తే మేడం" అని రాగం తీసి, పిల్లలు కూర్చున్నారు.

"నిన్న చెప్పిన పని ఎవరెవరు చేశారు?"

సగానికి పైగా చేతులు లేచాయి. కొన్ని పూర్తిగా లేచాయి, కొన్ని చెవి దాకా వచ్చి ఆగిపోయాయి. పని ఏమిటంటే, ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరిని కూర్చోబెట్టి, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఎక్కడున్నారు, ఏం చూశారు అని అడగాలి. నోట్సు రాసుకోకూడదు. విని, గుర్తు పెట్టుకుని రావాలి.

ఉద్దానం అని పిలిచే ఈ ప్రాంతంలో ఆ రాత్రి గురించి చెప్పలేని ఇల్లుండదు. పలాస దగ్గర తీరం దాటిన ఆ గాలికి కొబ్బరిచెట్లు విరిగిపోయాయి, కూలిపోయాయి. జీడితోటలు, పనసచెట్లు నేలకొరిగాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఒక కొబ్బరిమొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, అంటే ఈ గదిలో ఉన్నవాళ్ళ వయసులో సగం. అప్పటికి వీళ్ళు ఊరి అంగన్‌వాడీకి వెళ్ళే పిల్లలు. చీకటి, చప్పుడు తప్ప వీళ్ళకు గుర్తున్నది తక్కువ. కాబట్టి అడిగి తెలుసుకోవాల్సిందే. పుస్తకంలో లేదు, గైడులో దొరకదు. మేడం ఈ విషయాన్ని ఎందుకు ఎంచుకున్నారో ఇక్కడే అర్థమవుతుంది.

"ఇద్దరిద్దరు ఎదురెదురుగా తిరగండి. ఒకళ్ళు రెండు నిమిషాలు చెప్పాలి. రెండోవాళ్ళు వినాలి. మధ్యలో మాట్లాడకూడదు, పెన్ను ముట్టుకోకూడదు. నేను చప్పట్లు కొట్టాక మారాలి."

బెంచీలు కిర్రుమన్నాయి. ఒక్కసారిగా ఇరవై గొంతులు లేచాయి. పక్క గదిలో సోషల్ మాస్టారు ఈపాటికి మొహం చిట్లించి ఉంటారు. అయినా లెక్క వేసి చూడండి. దాదాపు నలభై మంది పిల్లలున్న గదిలో ఒక్కొక్కరినే లేపి నిమిషం చొప్పున మాట్లాడిస్తే పీరియడ్ అయిపోతుంది, ఆ నిమిషం తప్ప మిగతా సేపంతా ప్రతి పిల్లా గోడ మీద బల్లిని చూస్తుంది. ఇలా జంటలుగా కూర్చోబెడితే నాలుగు నిమిషాల్లో అందరూ మాట్లాడేస్తారు, అందరూ వినేస్తారు. గోల అనుకునేది నిజానికి పాఠమే.

మన ముందు బెంచీలో ఇద్దరు మగపిల్లలున్నారు. ఒకడు సముద్రం ఒడ్డు ఊరి నుంచి ఆటోలో వచ్చేవాడు. చెప్పడం మొదలుపెట్టాడు.

"మా తాత సెప్పేడు... గాలేసింది. సెట్లు పడిపోనాయి. అంతే."

పది సెకన్లయింది. ఎదురుగా ఉన్నవాడు నోరు తెరవబోయి, మేడం చూస్తారని మూసుకున్నాడు. వీడు చుట్టూ చూశాడు. అందరూ ఏదో చెబుతూనే ఉన్నారు. ఇంకా బోలెడు సమయం ఉంది. ఏం చేస్తాడు? చొక్కా గుండీ తిప్పుతూ మళ్ళీ మొదలుపెట్టాడు.

"అంటే... ముందురోజు సాయంత్రమే తెప్పలు ఇసక మీదకి లాగేసేరంట. మా తాత తాడు మూడుసార్లు కట్టేడంట. మా మామ్మ తిట్టిందంట, తెప్ప గురించి కాదు, ఇంటి గురించి సూడు అని..."

చూశారా, అసలు కథ ఇప్పుడు వచ్చింది. ఎదుటివాడు కదలకుండా వింటుంటే వచ్చింది. తరగతి గదుల్లో సాధారణంగా పిల్లాడు పదో సెకనులో ఆగగానే "సరే, కూర్చో" అంటాం. ఆ ఒక్క మాట వల్ల ఎన్ని మూడు ముళ్ళ తాళ్ళు, ఎందరు మామ్మల తిట్లు బయటికి రాకుండా పోతున్నాయో.

చప్పట్లు. వంతులు మారాయి. మళ్ళీ చప్పట్లు.

ఇప్పుడు అసలు పరీక్ష. విన్నవాళ్ళు లేచి, తమ కథ కాదు, ఎదుటివాళ్ళ కథ చెప్పాలి. తప్పు దొర్లితే కథ తాలూకు మనిషి చెయ్యి ఎత్తాలి.

మన ముందున్న శ్రోతగారు లేచాడు. "వీళ్ళ తాత తెప్ప తాడు మూడుసార్లు కట్టేడు మేడం. ఇంటి గురించి చూడమని మామ్మ తిట్టింది. తెప్ప కొట్టుకుపోయింది."

చెయ్యి లేచింది. "కాదు మేడం! తెప్ప ఉంది. ఇల్లే పోయింది. పైన రేకులు."

తరగతి ఘొల్లుమంది. మామ్మ గెలిచిందని అందరికీ అర్థమైంది.

"కొట్టుకుపోయిందని వాడు చెప్పాడా, నువ్వు అనుకున్నావా?" అడిగారు మేడం, కోపం లేకుండా.

"అనుకున్నాను మేడం."

"మ్. కూర్చో. ఇంకొకరు."

మరో ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఒకడు సినిమాలో చూసిన వరదను కూడా కలిపేసి దొరికిపోయాడు. వినడాన్ని నేర్పాలా, చెవులుంటే చాలదా అనుకునేవాళ్ళు ఈ పది నిమిషాలు ఇక్కడ కూర్చోవాలి. విన్నదీ ఊహించుకున్నదీ వేరు చేసి చూసుకోవడం పన్నెండేళ్ళ పిల్లలకు కష్టమైన పని. పెద్దవాళ్ళం మనకు తేలికా ఏమిటి!

ఒకటి గమనించారా? "సెప్పేడు", "పడిపోనాయి" అన్నప్పుడు మేడం ఒక్కసారి కూడా ఆపలేదు. ఇది అజాగ్రత్త కాదు. ఈ కొండలకు అవతలే ఉంది పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసిన ఊరు. 1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ అనే ఇంగ్లీషు దొర, జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో చెప్పే తెలుగు మరొకటి ఎందుకయ్యాయని అడిగాడు. ఆ ప్రశ్న గిడుగువారిని వాడుకభాష కోసం జీవితాంతం పోరాటంలోకి దింపింది. పుస్తకాల్లో వ్యావహారికం గెలిచింది. తరగతి గదిలో మాత్రం పిల్లాడి నోటి మాటకు ఇంకా అడ్డుకట్టలు పడుతూనే ఉన్నాయి. మాట మధ్యలో యాస దిద్దితే వాక్యం బాగుపడదు, పిల్లాడు మాట్లాడడం మానేస్తాడు. దిద్దడానికి రాత ఉంది, కాసేపట్లో వస్తుంది.

కిటికీ పక్క బెంచీలో ఒక అమ్మాయి ఇంతవరకూ లేవలేదు. కొండ కింది సవర గిరిజనుల గూడెం నుంచి వస్తుంది. ఆమె జంట లేచి, "దీని కథ నేను చెప్పలేను మేడం, అదే చెప్పాలి" అంది. నియమం తప్పినా మేడం తలూపారు.

ఆ అమ్మాయి బెంచీ అంచు పట్టుకుని నిలబడింది. "మా అవ్వకి తెలుగు సరిగ్గా రాదు మేడం. సవరలో చెప్పింది."

"విన్నది సవరలోనా? మరి తెలుగులో చెప్తున్నావు! చెప్పమ్మా, తొందరేం లేదు."

గాలి మొదలైనప్పుడు అవ్వ పిల్లల్ని లేపిందట. తలుపు తీసి చూసేసరికి మేకలు గుమ్మంలో ఉన్నాయట. "మేకలు మాకంటే ముందే తెలుసుకున్నాయి. లోపలికి వచ్చేశాయి. మేమందరం మేకల మధ్యలో కూర్చున్నాం. వెచ్చగా ఉందంట."

"మేకలతోనా!" అని నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తరవాత ప్రశ్నలు కురిశాయి. ఎన్ని మేకలు? చీకట్లో ఎలా చూశారు? పైకప్పు ఏమైంది? అవ్వ భయపడలేదా? పొద్దున్న తలుపు తీస్తే ముందు ఏం కనిపించింది? ఆమె ఒక్కోదానికి జవాబిస్తోంది, తెలియనివాటికి "అడిగి చెప్తాను" అంటోంది. మేడం జవాబులు రాయడం లేదు, ప్రశ్నల్ని మాత్రం బోర్డు మీద వరసగా రాస్తున్నారు.

గిడుగువారు సవరల్ని ఇంట్లో పెట్టుకుని మరీ వాళ్ళ భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాచకాలు రాశారని మేడం రెండు ముక్కల్లో చెప్పారు. ఆ అమ్మాయి కాస్త నిటారుగా కూర్చుంది.

"ఇప్పుడు పుస్తకాలు తీయండి. ఎవరి కథ వాళ్ళు రాయండి. పదిహేను నిమిషాలు. ఎక్కడ ఆగిపోతే అక్కడ బోర్డు చూడండి."

గది నిశ్శబ్దమైంది. లేచి, వరసల మధ్య నుంచి వెళ్ళి ఆ అమ్మాయి నోటుపుస్తకం చూద్దాం. నీలం సిరాతో గుండ్రటి అక్షరాలు. మొదటి వాక్యం: '2018వ సంవత్సరంలో తిత్లీ తుఫాను సంభవించెను. దీనివలన ప్రజలు అనేక ఇబ్బందులు పడిరి.' ఇంతకుముందు గదిని నవ్వించిన పిల్లేనా ఇది రాసింది? మేకలేవి? అవ్వేది? పెన్ను పట్టుకోగానే చెయ్యి తనంతట తానే గైడులోకి వెళ్ళిపోయింది.

మేడం పక్కన వంగి నిలబడ్డారు. "ఇందాక మాతో ఇలాగే చెప్పావా?"

తల అడ్డంగా ఊపింది.

"మొదట ఏం చెప్పావు?"

కాసేపు ఆలోచించి, రెండు వాక్యాలూ కొట్టేసి, కింద రాసింది: 'మేకలకి మాకంటే ముందే తెలిసింది.'

ఈ ఒక్క వాక్యం కోసం ముప్పై నిమిషాలు పట్టింది. నా దృష్టిలో ఇది చవక బేరం. వినేవాళ్ళు ఎదురుగా ఉన్నప్పుడు చెప్పిన మాటే రాతలోకి వస్తుంది. ఎవరి కోసం రాస్తున్నామో తెలియనప్పుడు 'సంభవించెను' వస్తుంది.

రాత అయ్యాక పుస్తకాలు చేతులు మారాయి. చదివినవాళ్ళు ఎర్రసిరా వాడకూడదు. అర్థం కానిచోట పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టాలి, అంతే. తెప్ప తాడు పిల్లాడి పుస్తకంలో మూడు పడ్డాయి, వాడు గొణుక్కుంటూ సర్దుకుంటున్నాడు. చివరి ఐదు నిమిషాల్లో మేడం 'బయం', 'కోబ్బరి', 'వేల్లారు' అని బోర్డు మీద రాశారు, పేర్లు చెప్పలేదు. పిల్లలే దిద్దారు. తాత అన్న మాటను మాత్రం ఆయన అన్నట్టే కొటేషన్లలో ఉంచవచ్చని తీర్మానం జరిగింది.

ఇవన్నీ మన పాఠ్యపుస్తకాలకు తెలియనివి కావు. పాఠం చివర 'ఇవి చేయండి' కింద వినడం, మాట్లాడడం గురించిన ప్రశ్నలే మొదట వస్తాయి. 2009 విద్యాహక్కు చట్టం కూడా ఒక్క రాతపరీక్షకే పరిమితం కాని నిరంతర సమగ్ర మూల్యాంకనం గురించి చెప్పింది. కానీ చాలా బళ్ళలో 'ఆలోచించి మాట్లాడండి' అనే ప్రశ్నకూ జవాబు బోర్డు మీద రాసి, నోట్సులో ఎక్కించి, సంతకం పెట్టించేస్తారు. మాట్లాడమన్నదాన్ని రాయించడం! పంతుళ్ళనే తప్పుపట్టలేం. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో తెలుగుకు 100 మార్కులు, అన్నీ రాతకే. విన్నందుకు అరమార్కు లేదు. ఏడో తరగతి నుంచే ఆ నీడ పడుతుంది.

గంట కొట్టారు. హిందీ మేడం గుమ్మంలో నిలబడ్డారు. తెలుగు మేడం రేపటి పని కూడా చెప్పేశారు: ప్రశ్నార్థకాలు పడినచోట ఇంటికెళ్ళి మళ్ళీ అడగాలి, విని రావాలి.

కాబట్టి ఉద్దానంలోనే కాదు, ఎక్కడున్నా సరే, సాయంత్రం మీ ఇంట్లో ఓ పిల్లో పిల్లాడో వచ్చి ఫలానా రోజు ఏం జరిగిందని అడిగితే, పనుంది పొమ్మనకండి. టీవీ కట్టేసి, రెండు నిమిషాలు చెప్పండి. మర్నాడు బళ్ళో దాన్ని వినడానికి తరగతిలో జనం ఎదురుచూస్తుంటారు.